తీసేసిన మాటలు

కృపారాణికి కోపం వస్తే అరవదు, గిన్నెలు తోముతుంది. తోమినవే మళ్లీ తోముతుంది. ఆ మంగళవారం సాయంత్రం భర్త ఏసుదాసు డ్యూటీ దిగి ఇంటికి వచ్చేసరికి వంటింట్లోంచి పీచు చప్పుడు వాకిట్లోకి వినిపిస్తోంది. అతను తాండూరు డిపోలో ఆర్టీసీ డ్రైవరు. చెప్పులు విప్పుతూనే సంగతి గ్రహించాడు.

"మల్ల గ్రూపేనా?"

"టేబుల్ మీద ఫోనుంది. సదువు."

ఏసుదాసు చదివాడు. అందులో ఇలా ఉంది: "మిత్రులారా, మన సోదరి కృపారాణి గారు తొందరపాటుతో తీసుకున్న నిర్ణయానికి గ్రూపు తరఫున చింతిస్తున్నాను. పరమేశ్ తమ్ముడు మన కుటుంబ సభ్యుడే. మట్టికి మతం లేదు, పార్టీ లేదు. అందరం కలిసి ఉందాం." కింద చంద్రకాంత్ సార్ పేరు. ఆ పేరు కింద నాలుగు వందల చిల్లర లవ్ గుర్తులు.

"తొందరపాటు అంట," అంది కృపారాణి, కడాయిని బోర్లించి కొడుతూ. "నాది తొందరపాటు."

ఆ గ్రూపు పేరు 'మన పెరడు'. లాక్‌డౌన్ రోజుల్లో వికారాబాద్‌లో ఉండే చంద్రకాంత్ సార్ ఫేస్‌బుక్‌లో మొదలుపెట్టాడు. ఆయన ఉద్యాన శాఖలో పనిచేసి రిటైరైన మనిషి, మెత్తగా మాట్లాడతాడు. మిద్దె మీద కూరగాయలు పెంచేవాళ్లు, ఇంటి వెనక నాలుగు మడులు వేసుకునేవాళ్లు, నాటు విత్తనాలు దాచేవాళ్లు ఒక్కొక్కరే చేరి పద్దెనిమిది వేల మందయ్యారు. కృపారాణి ఒక ప్రైవేటు ల్యాబులో టెక్నీషియను. మిద్దె మీద పాత పెయింటు డబ్బాల్లో వంగ, బెండ, బచ్చలి పెంచుతుంది. మూడేళ్ల కింద చంద్రకాంత్ సార్ ఫోన్ చేసి, "నువ్వు ఓపికున్న మనిషివి కృపమ్మా, జర మోడరేటర్‌గ ఉండు. పిచ్చి పోస్టులు వస్తే తీసెయ్యి, అంతే," అన్నాడు. ఆయన పిలిచి అడగడమే గొప్పగా అనిపించి సరేనంది.

మొదట్లో నెలకు ఒకటో రెండో వచ్చేవి. ఎన్నికలొచ్చినప్పుడల్లా పెరిగాయి. బీరకాయ చేదెక్కిందని ఎవరో అడిగితే దాని కింద పార్టీల గొడవ. తులసి మొక్క ఫొటో పెడితే దాని కింద మతాల గొడవ. పొద్దున ల్యాబుకు వెళ్లే ఆటోలో తీసేది, మధ్యాహ్నం టిఫిన్ బాక్సు తెరిచి తీసేది, అన్నం ఉడికేలోపు తీసేది. ఎందుకు తీశావని రేపెవరైనా అడిగితే చూపించాలి కదా అని, తీసే ముందు ప్రతిదాన్నీ ఫొటో తీసి ఫోన్లో దాచేది. ఈ మూడేళ్లలో ఒక్కరూ అడగలేదు. చంద్రకాంత్ సార్ అసలే అడగలేదు.

ఇప్పుడీ తొందరపాటు మాట ఎందుకొచ్చిందంటే, దిల్షాద్ సొరకాయ వల్ల.

దిల్షాద్‌ది కూడా తాండూరే. ఇంట్లో జాకెట్లు కుడుతుంది, మిద్దె మీద పందిరి వేసి సొర పాకించింది. ఆదివారం పొద్దున తన మూడేళ్ల కూతురి పక్కన ఒక సొరకాయను నిలబెట్టి, ఎవరు పొడుగో చెప్పమని ఫొటో పెట్టింది. ముచ్చటైన ఫొటో. గంటలో రెండు వందల మంది మెచ్చుకున్నారు. ఆ తర్వాత మర్పల్లి ఊరివాడు పరమేశ్ వచ్చి కింద రాశాడు: "మీ చేతి కాయ మాకొద్దు. ఎన్నిసార్లు కడిగితే మీ ఉమ్మి పోతదో అది చెప్పు ముందు." దానికి ముప్పై మంది పగలబడి నవ్వే బొమ్మలు పెట్టారు. ఒకడు పాప గురించి కూడా ఏదో రాశాడు.

ఆదివారమైనా డ్యూటీ పడిన కృపారాణి ఆ సమయంలో ల్యాబులో ఒక ముసలాయన చేతికి నరం దొరక్క అవస్థ పడుతోంది. ఫోన్ చూసేసరికి నలభై నిమిషాలు దాటింది. వెంటనే అవి తీసేసి, పరమేశ్‌ను వారం రోజులు ఏమీ రాయకుండా మ్యూట్ చేసింది. వాడు వేరే గ్రూపుల్లోకి వెళ్లి, 'మన పెరడు' మతం మారినోళ్ల చేతిలో పడిందని రాశాడు. సోమవారం ఆమె ఫోనుకు తెలియని నంబర్ల నుంచి తిట్లు మొదలయ్యాయి. మంగళవారం చంద్రకాంత్ సార్ పరమేశ్ మ్యూట్ తీసేసి, గ్రూపు అందరి ముందు ఆమె తరఫున క్షమాపణ చెప్పాడు.

గిన్నెలు వదిలి, చేతులు కడుక్కుని ఆమె సార్‌కు ఫోన్ చేసింది.

"సార్, వాడేం రాసిండో మీరు సదివిన్రా?"

"అయ్యో, ఇప్పుడవన్ని ఎందుకమ్మా? పిల్లగాడు తెలువక రాసిండు. ఆదివారం మన విత్తనాల పండుగ ఉన్నది, హాలు ఇప్పించింది వాళ్ల మేనమామనే. నలుగురితోని పనుంటది. నేను అందరివాణ్ణి గద."

"దిల్షాద్‌కు ఎవరు సారీ చెప్తరు సార్?"

"ఆమె మంచిది, అర్థం చేసుకుంటది. నువ్వు కూడ జర చల్లగుండు."

ఫోన్ పెట్టేశాక ఆమె అలాగే నిలబడింది. చల్లగుండు అన్న మాట చెవిలో తిరుగుతోంది. ఏసుదాసు నెమ్మదిగా, "వదిలెయ్ కృపా. జీతమా బత్తెమా? రాజీనామ చేసెయ్," అన్నాడు.

"చేస్త. ఊకె చెయ్య."

శనివారం ల్యాబు నుంచి వస్తూ జిరాక్స్ సెంటరుకు వెళ్లింది. ఫోన్లో దాచినవాటిలో వికారాబాద్ పండుగకు వస్తామని పేరిచ్చినవాళ్లవి మాత్రమే ఏరి ప్రింటు తీయించింది. జనవరి నుంచి తీసినవే ముప్పై ఒక్క కాగితాలయ్యాయి. ప్రింటు తీసే అతను మొదటి రెండు చదివి, ఆమె ముఖం చూసి, మిగతావి చదవకుండా తిప్పి పెట్టాడు.

ఆదివారం పొద్దున రైల్లో ఒక్కతే బయల్దేరింది. దిల్షాద్‌ను రమ్మంటే, "నేను రాను అక్కా. నా బిడ్డ ఫొటో చూసినోళ్లంత ఆడుంటరు," అంది. ధారూర్ దాటేవరకు సంచిలో కాగితాలను చేత్తో తడుముకుంటూనే కూర్చుంది.

ఫంక్షన్ హాలు గుమ్మం మీద పెద్ద ఫ్లెక్సీ. దాని మీద చంద్రకాంత్ సార్ దండం పెడుతున్న ఫొటో. ఆయన పక్కన అంతే పెద్దగా పరమేశ్ మేనమామ ఫొటో. వచ్చే నెల సర్పంచి ఎన్నికల్లో ఆయన నిలబడుతున్నాడని జిల్లాలో సగం మందికి తెలుసు. 'మన పెరడు' నియమాల్లో మొదటిది, రాజకీయాలు నిషేధం. దాన్ని టైపు చేసింది కృపారాణే.

లోపల రెండు వందల మంది దాకా ఉన్నారు. పాత పేపర్లు పరిచి విత్తనాలు పోసుకున్నారు. చిక్కుడు, తెల్ల కాకర, ముళ్ల వంకాయ, ఎర్ర తోటకూర. ఒకరి పొట్లాలు ఒకరు తీసుకుంటూ, పేర్లు పెన్నుతో రాసుకుంటూ నవ్వుకుంటున్నారు. మామూలుగా అయితే ఆమెకు ఏడాదిలో ఇష్టమైన రోజు అది. కోట్‌పల్లి నుంచి వచ్చిన భాగమ్మ తన మనవరాలిని పక్కన కూర్చోబెట్టుకుని మొక్కజొన్న కంకులు ఒలుస్తోంది. డెబ్బై ఏళ్ల మనిషి, పోస్టులన్నీ మనవరాలితోనే రాయిస్తుంది.

"అక్కా, బాగున్నరా?" అని ఎవరో దగ్గరికొచ్చి చేతిలో పొట్లం పెట్టారు. తెల్ల చొక్కా, సన్నటి మీసం, ముప్పై దాటని ముఖం. "మా అమ్మమ్మనాటి చిక్కుడు అక్కా. మీకని సపరేటుగ తీసి పెట్టిన. నేను పరమేశ్‌ను."

ఆమె పొట్లం వంకా వాడి ముఖం వంకా చూసింది. ఆ ముఖంలో వెటకారం లేదు, భయమూ లేదు. నిజంగానే ఇస్తున్నాడు. సరిగ్గా ఆ సంగతే ఆమె ఒళ్లు మండించింది. పొట్లం పక్కనున్న కుర్చీలో పెట్టి ముందుకు నడిచింది.

పదకొండింటికి మైకు పెట్టారు. ఒక్కొక్కరూ లేచి పేరు, ఊరు, తెచ్చిన విత్తనాలు చెప్పాలి. ఆరేడుగురయ్యాక చంద్రకాంత్ సార్ నవ్వుతూ, "మన గ్రూపుకు వెన్నెముక, మన సోదరి కృపారాణి," అని పిలిచాడు. చప్పట్లు కొట్టారు.

"నేను విత్తనాలు తేలేదు," అందామె మైకులో. "మూడేండ్ల నుంచి నేను తీసేస్తున్నయి తెచ్చిన. మీరు రాసినయే. మీవి మీకు ఇచ్చిపోదామని."

ఏదో సరదా అనుకుని కొందరు నవ్వారు. ఆమె మొదటి కాగితం తీసింది.

"ఫిబ్రవరి తొమ్మిది. టమాటకు ఆకుముడత వచ్చింది, ఏం కొట్టాలని ఒకామె అడిగింది. దానికి మన రిటైర్డ్ హెడ్మాస్టరు సార్ జవాబు, 'మీ పార్టోళ్ల కాళ్లు మొక్కు, తగ్గిపోతది. ఓటమ్ముకున్న ముఖాలకు టమాట ఎందుకు?' సార్ ముంగటి వరసలనే ఉన్నరు."

హెడ్మాస్టరు కళ్లద్దాలు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టాడు. ఆమె ఆగలేదు.

"ఏప్రిల్ ఇరవై రెండు. అజమత్ భాయ్ రాసింది. ఒకాయన జెండా ఫొటో పెట్టినందుకు, ఆయన ఇంట్ల ఆడోళ్ల గురించి రాసిండు. రెండు మాటలు నా నోటితోని నేను సదవను. భాయ్ వచ్చి మైకుల సదువుతడా?" కాగితం ముందుకు చాపింది. మూడో వరసలో కూర్చున్న అజమత్ తల వంచుకున్నాడు. రాలేదు.

"జూన్ ఆరు. ఇది నా గురించి. 'బియ్యం సంచికి అమ్ముడువోయిన మతం, ఇప్పుడు మనకు రూల్సు చెప్తది.' రాసిన అక్క ఇందాక గేటు కాడ నన్ను కావలించుకున్నది."

హాల్లో నవ్వు ఎప్పుడో ఆగిపోయింది. విత్తనాలు కొలిచే చప్పుడు కూడా లేదు. ఆమె ఒక్కొక్కటే చదివింది. తేదీ, పేరు, మాట. పార్టీ చూడలేదు, కులం చూడలేదు. గొంతు పెంచలేదు. ఆఖరికి సొరకాయ కింద రాసింది చదివింది. చదివి పరమేశ్ వైపు చూసింది.

వాడు లేచి నిలబడ్డాడు. "అక్కా, అది నవ్వులాటకు పెట్టిన. నా సొంతం గూడ కాదు, ఎక్కడ్నో సూసి రాసిన."

"ఎవరు నవ్విన్రు? దిల్షాద్ నవ్విందా?"

వాడి మేనమామ మనుషులు ఇద్దరు వెనక నుంచి, "ఏందమ్మ నీ పంచాయితి?" అని అరిచారు. చంద్రకాంత్ సార్ వచ్చి మైకు అందుకోబోయాడు.

"కృపమ్మా, సాలు. పండుగపూట బాగుండదు. నేను చెప్పిన గద, నేను అందరివాణ్ణి..."

"అందరివాడు అనిపించుకునుడు మీకు, అందరితోని తిట్లు తినుడు నాకు," అంది ఆమె. "మూడేండ్లల్ల ఒక్కసారన్న, కృపా, ఇయ్యాల ఏం తీసినవని అడిగిన్రా? మీకు గ్రూపు శుభ్రంగ కనవడ్డది. ఎట్ల శుభ్రమైతున్నదో పట్టలే. తీసినందుకు నా తరఫున సారీ కూడ మీరే చెప్పిన్రు. నన్ను అడగకుంట."

సార్ ముఖం ఎర్రబడింది. చాపిన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. అప్పుడు వెనక నుంచి ఒక ముసలి గొంతు వినిపించింది.

"బిడ్డా, నాది గూడ తీసినవ్. నేను ఎవల్ని తిట్టిన?"

భాగమ్మ. ఒడిలో మక్క గింజలు అలాగే ఉన్నాయి.

కృపారాణి కాగితాలు తిరగేసింది. ఇరవయ్యో కాగితమో ఏదో. ఉంది. పేరిచ్చినవాళ్లవి ఏరేటప్పుడు పేరు చూసి ప్రింటుకు పంపింది గానీ లోపలేముందో చదవలేదు. ఇందాక మైకులో చదువుతున్నప్పుడు కూడా రెండు కాగితాలు అతుక్కుపోయి దాటిపోయింది.

"సదువు," అంది భాగమ్మ. "అందరివి సదివినవ్ గద."

ఆమె చదివింది. "ఆగస్టు ఇరవై ఎనిమిది. 'యూరియాకు రెండు రోజులు లైన్ల నిలవడ్డ. దొరకలే. ఇంటెనుక మక్క పచ్చగ అవుతలేదు, ఆకులు పసుపెక్కుతున్నయి. యూరియా లేకుంట బతికిచ్చే ఉపాయం ఎవలకన్న తెలిస్తె చెప్పున్రి. సర్కారోళ్లకైతె మా గోస వినవడ్తలేదు.'"

ఆ ఆఖరి వాక్యం కోసం తీసేసింది. ఆటోలో, ల్యాబు మెట్ల దగ్గర దిగుతూ, అర నిమిషంలో. బూతులు తీసిన వేలితోనే.

"గిదాంట్ల రాజకీయం ఏమున్నది బిడ్డా?"

"ఏం లేదవ్వా."

"మరెందుకు తీసినవ్?"

కృపారాణికి ఆ హాల్లో అందరి మీదా చెప్పడానికి మాటలున్నాయి. దీనికి లేవు. "సర్కారు అన్న మాట జూసి తీసిన. పూర్తిగ సదవలే. తప్పు నాదే," అంది. మైకులోనే అంది.

"నేను రోజు పిల్లను అడిగిన, ఎవలన్న చెప్పిన్రానే అని. ఎవలు చెప్పలే. గంత మంది ఉండి ఒక్కలు గూడ చెప్పకపాయె అనుకున్న," అంది భాగమ్మ. "సగం మక్క పోయింది తియ్."

ఆ మాటలో కోపం లేదు. ఉంటే బాగుండుననిపించింది కృపారాణికి. కాగితాల కట్టను చంద్రకాంత్ సార్ చేతిలో పెట్టింది. "రేపటి సంది మీరు చూడుండ్రి సార్. తీసుడు ఎంత తేలికనో, ఎంత కష్టమో రెండూ మీకే ఎరుకైతయి." మైకు కుర్చీ మీద పెట్టి, చెప్పులేసుకుని బయటకు నడిచింది. స్టేషన్లో తాండూరు బండి కోసం రెండు గంటలు కూర్చుంది. ఆ రెండు గంటలూ ఆమె కోపం సగం వాళ్ల మీద, సగం తన మీద అటూ ఇటూ కొట్టుకుంటూనే ఉంది.

సోమ, మంగళ గ్రూపు తెరవలేదు. బుధవారం తెరిచి చూస్తే దిల్షాద్ నుంచి ఏమీ లేదు. శుక్రవారం మధ్యాహ్నం చంద్రకాంత్ సార్ ఫోన్ చేశాడు. గొంతు గుర్తుపట్టలేనంతగా మారిపోయింది.

"కృపమ్మా, నేను ఒక్కటే తీసిన. పరమేశ్ మేనమామకు ఓటెయ్యమని గ్రూపుల పెట్టిన సర్పంచి పోస్టరు. ఒక్కటే. నిన్నటి సంది మా ఇంటామెను కూడ తిడుతున్రు. ఆమెకు ఫేస్‌బుక్కే లేదు."

ఆమెకు జాలి కలగలేదు. "మీ ఇంటిదాక వస్తెనే మీకు తెలిసొచ్చింది సార్," అంది.

"నిజమే," అన్నాడాయన. "వాపస్ వస్తవా?"

"మీరు పెట్టిన క్షమాపణ తీసెయ్యాలె. దిల్షాద్‌కు పేరు పెట్టి చెప్పాలె, ఎవరు ఏం అన్నరో కూడ రాయాలె. ఎవరు ఏది తీసినా కింద వాళ్ల పేరుండాలె, ఎందుకు తీసిన్రో రాసినోళ్లకు చెప్పాలె. వారంల మూడు రోజులు మీరే తియ్యాలె. గట్లయితె వస్త."

"పరమేశ్ వాళ్లు పోతరు గదమ్మా. వాళ్లతోని మస్తు మంది పోతరు."

"పోనీండ్రి."

ఆయన రాయడానికి రెండు రోజులు పట్టింది. మొదటిసారి రాసినదాంట్లో 'ఎవరి మనసైనా నొచ్చుకుంటే' అని ఉంది. ఆమె తిప్పి పంపింది. రెండోసారి 'ఇరువైపులా' అని ఉంది. మళ్లీ పంపింది. మూడోసారి సూటిగా రాశాడు. పరమేశ్ తనతో ఆరు వందల మందిని తీసుకుని వెళ్లిపోయి వేరే గ్రూపు పెట్టుకున్నాడు. అక్కడ చిక్కుడు విత్తనాల ఫొటోలు కూడా పెడుతున్నాడని ఆమె చెవిన పడింది.

నియమాల్లో మొదటిదాన్ని ఆమె చెరిపేసింది. దాని చోట రాసింది: "నీళ్లు, కరెంటు, ఎరువు, రేటు, దేని గురించైనా అడగవచ్చు. మనిషిని కించపరిస్తే తీసేస్తాం." తర్వాత భాగమ్మ ప్రశ్నను ఉన్నదున్నట్టు మళ్లీ పెట్టింది, సర్కారు వాక్యంతో సహా. ఆగస్టులో దీన్ని తప్పుగా తీసింది తానేనని పైన తన పేరు రాసింది. పశువుల మూత్రం పులియబెట్టి పొయ్యమని, పల్లి చెక్క నీళ్లు పొయ్యమని నూట ఇరవై జవాబులొచ్చాయి. మధ్యలో సర్కారు మీద వాదన కూడా నడిచింది. పళ్లు కొరుక్కుంటూ చదివింది కానీ, మనిషిని తిట్టిన రెండింటిని తప్ప తీయలేదు. ఆ ఇద్దరికీ ఫోన్ చేసి మరీ కారణం చెప్పింది. ఒకడు కట్ చేశాడు. రెండోవాడు పావుగంట పోట్లాడాడు. ఆమె కూడా పావుగంట పోట్లాడింది.

ఆ వచ్చే ఆదివారం దిల్షాద్ ఇంటికి వెళ్లింది. మిద్దె మీద సొర పందిరి ఇంకా నిండుగానే ఉంది. దిల్షాద్ ఛాయ్ తెచ్చి, కుట్టుమిషను పక్కన స్టూలు వేసింది.

"సార్ రాసింది సూసినవా?" అంది కృపారాణి.

"సూసిన అక్కా. మంచిగ రాసిండు."

"మల్ల ఫొటోలు పెట్టు. ఎవడన్న ఒక్క మాటంటె నేనున్న. నిమిషంల తీసేస్త."

దిల్షాద్ మిషను మీదున్న గుడ్డ ముక్కను మడత పెట్టింది. "నువ్వు తీసేస్తవ్ అక్కా, నాకు ఎరుకే. ఆ దినం గూడ తీసినవ్. కానీ నేను సదివినంక తీసినవ్. మా అమ్మ సదివినంక తీసినవ్."

కృపారాణి ఛాయ్ గ్లాసు కింద పెట్టేసింది.

"ఛోడో అక్కా, పోనీ. కాయలు కోస్త, తీస్కపో," అని దిల్షాద్ కత్తి తెచ్చి పందిరి కిందికి వెళ్లింది. లేతవి రెండు చూసి కోసింది. కృపారాణి వాటిని చేతుల్లోకి తీసుకుంది. గ్రూపులో పదిహేడు వేల పైచిలుకు మంది ఉన్నారు, ఇక్కడ పందిరి కింద ఇద్దరే ఉన్నారు. ఫొటో తీయాలని ఇద్దరికీ అనిపించలేదు. పాప వచ్చి, వాటిలో ఒకటి తనకంటే పొట్టిదని చెప్పి, దాన్ని కృపారాణి చేతుల్లోంచి లాక్కుని నేల మీద నిలబెట్టి చూపించింది.